గెయిన్ మీద ఎర్ర చుక్క

డిక్కీ ఎత్తగానే మాడు వాసన గుప్పుమంది.

ఎస్సై ఒకడుగు వెనక్కి వేసింది. వాచీ చూసుకుంది. మధ్యాహ్నం రెండూ పది.

డిక్కీలో చెక్క పెట్టె. పెట్టెలో రెండు పెద్ద సబ్‌వూఫర్లు, దడదడలాడించే బాస్ స్పీకర్లు. ఒకదాన్ని వేళ్లతో మెల్లగా నొక్కింది. కోన్ కదల్లేదు. రెండోదీ అంతే. లోపలి కాయిల్ కాలి అతుక్కుపోయింది.

“చచ్చాయి మేడమ్. రెండూ చచ్చాయి,” అన్నాడు పెట్రోలు బంకు యజమాని. “చంపింది అదిగో, ఆ మహాతల్లి!”

ఎదురుగా కారు ఆడియో షాపు. గుమ్మంలో ఫిట్టరమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయి. చేతిలో మల్టీమీటరు. ముఖం కందగడ్డలా ఉంది.

“నేను కాల్చలేదు సార్. ఒక్కసారి చూడనివ్వమంటే డిక్కీకి తాళం వేసుకున్నారు.”

“చూడనిస్తే సాక్ష్యం మాయం చేస్తావని తెలీదా? నా చెవుల్లో పూలు కనిపిస్తున్నాయా?”

సంగతి ఇది. షాపు ఉన్న గది బంకు యజమానిదే. గోడౌన్‌కి కావాలి, ఖాళీ చెయ్యమన్నాడు. గడువు ఇంకా ఏడాది ఉంది, చెయ్యనంది ఆమె. అయినా మొన్న బుధవారం తన కారుకి ఆమె చేతే సిస్టమ్ పెట్టించాడు. ఊళ్లో అంతకంటే మంచి చేయి లేదు. రేపు సౌండ్ పోటీ, ఎవరి కారు గట్టిగా మోగుతుందో తేల్చేది. ఈ ఉదయం పదిన్నరకి కారులో పాట పెడితే పొగ వచ్చింది.

పగబట్టి కాల్చిందని కంప్లయింట్. ఐదింటికల్లా సామాను రోడ్డు మీద పడేస్తానని బెదిరింపు.

“పగ అని ఎలా తెలిసింది?” అడిగింది ఎస్సై.

“మేస్త్రీ, నువ్వు చెప్పు.”

పక్కనున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఫిట్టరమ్మాయి నాలుగేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. తర్వాత సొంత షాపు పెట్టుకుంది. అప్పట్నుంచి ఆమె పేరెత్తితే ఆయనకి ఒళ్లు మంట.

“గెయిన్ చూడండి మేడమ్,” అన్నాడు. “ఆంప్లిఫయర్ ఎంత గట్టిగా తోయాలో చెప్పే మర. చివరికంటా తిప్పేసి ఉంది. పైన ఎర్ర చుక్క చూశారా? గోళ్ల రంగు. మర కదిలితే తెలియాలని ఈవిడగారు వేసే సీలు. ఊరంతటికీ తెలుసు.”

ఎస్సై చుక్క చూసింది. తర్వాత ఆంప్లిఫయర్ మీద పలక చూసింది. వెయ్యి వాట్లు. అక్కడితో ఆగలేదు. వంగి, ఆంప్ పక్క అంచున టార్చి వేసింది. అర నిమిషం అలాగే ఉంది.

పోలీసు ఉద్యోగానికి ముందు ఆమె ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. డిక్కీ మూసింది.

“అందరూ లోపలికి రండి.”

*

రెండూ యాభై. షాపులో ఐదుగురు. యజమాని, ఆయన బావమరిది, మేస్త్రి, ఫిట్టరమ్మాయి, ఎస్సై.

“నీ నోట్‌బుక్.”

ఫిట్టరమ్మాయి ఇచ్చింది. బుధవారం పేజీ. సబ్‌వూఫర్లు రెండు, ఒక్కోటి ఐదువందల వాట్లు. ఆంప్ వెయ్యి. దాని ఫ్యూజులు మూడు, ఒక్కోటి ముప్పై ఆంపియర్లు.

“ప్రతి బండికీ ఫ్యూజులు రాస్తావా?”

“రాస్తాను మేడమ్. పలక మీద ఏమైనా అచ్చేసుకోవచ్చు. ఫ్యూజు అబద్ధమాడదు.”

“అబ్బో, పాఠాలు!” మేస్త్రి మూతి తిప్పాడు.

“బుధవారం నుంచి కారు ఎవరి చేతుల్లో ఉంది?”

“నేనూ, మా వాడూ,” అన్నాడు యజమాని బావమరిదిని చూపించి. “పెట్రోలు కొట్టడం, కారు తుడవడం. వాడికి అంతకంటే చేతకాదు. రేపటి పోటీలో వాడి డొక్కు బండి కూడా దిగుతుందట! తగరపు డబ్బా వాయిస్తాడు కాబోలు.”

బావమరిది నవ్వలేదు. నేల చూశాడు.

“మేస్త్రిగారూ, స్పీకర్లు ఎందుకు కాలాయంటారు?”

“వెయ్యి వాట్ల ఆంప్‌ని అంత ఎక్కించి పెడితే కాలవా?”

“మీరేమంటారు?”

“అదే. వెయ్యి వాట్ల పవర్ తట్టుకోలేక,” అన్నాడు యజమాని.

“కారులో ఉన్నది ఈ అమ్మాయి పెట్టిన ఆంప్ కాదు,” అంది ఎస్సై. “ఎవరో మార్చారు.”



“మార్చితే మాత్రం?” బావమరిది చటుక్కున తలెత్తాడు. “దానివల్ల కాలిందంటే ఎలాగండీ? నాలుగొందల వాట్ల బుల్లి ఆంప్ వెయ్యి వాట్ల స్పీకర్లని కాలుస్తుందా ఎక్కడైనా?”

“నాలుగొందలని ఎవరు చెప్పారు?”

అతను బావ వైపు చూశాడు. 

“పలక మీద వెయ్యి అని ఉంది. మీ బావ వెయ్యి అన్నాడు. మేస్త్రి వెయ్యి అన్నాడు. నేను అంకె చెప్పలేదు. నీకెలా తెలిసింది?”

“ఊరికే... అనుకున్నా...”

“పదండి బయటికి.”

వీధి చివర బావమరిది పాత చిన్న కారు. ఎస్సై బానెట్ ఎత్తించింది. బ్యాటరీ పక్కన కొత్త మెయిన్ ఫ్యూజు, బొటనవేలంత వైరు. సీటు కింద నల్ల ఆంప్. దాని అంచున మూడు ఫ్యూజులు. ముప్పై, ముప్పై, ముప్పై.

“మీ డిక్కీలో దానికి రెండే,” అంది ఎస్సై యజమానితో. “ఇరవై, ఇరవై. అదే కంపెనీ చిన్న మోడల్. పై మూతలు మార్చి బిగించాడు. అంత సన్న ఫ్యూజుల మీద వెయ్యి వాట్లు పుట్టవు. మేస్త్రిగారు సీలు చూశారు. ఫ్యూజులు చూడలేదు.”

మేస్త్రి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“సౌండ్ తగ్గితే బావ కనిపెడతాడని గెయిన్ చివరికంటా తిప్పాడు. అనుమానం రాకుండా దాని మీద చుక్క కూడా పెట్టాడు. చిన్నది కదా, పెద్ద స్పీకర్లని ఏం చేస్తుందిలే అనుకున్నాడు. ఓపిక లేనిదాన్ని ఒళ్లు విరిగేలా అరిపిస్తే సౌండ్ చితికిపోతుంది. ఆ చితికిన సౌండే కాయిల్‌ని కాల్చేస్తుంది.”

“ఒరేయ్, ఎందుకురా?” అరిచాడు యజమాని.

“ఒక్కసారి నీకంటే గట్టిగా వినపడాలని, బావా,” అన్నాడు బావమరిది. పళ్లు బిగించి ఉన్నాయి. బొటనవేలి గోరు అంచున ఎర్ర రంగు ఇంకా పోలేదు. వాళ్ల అక్క గోళ్ల రంగు సీసాలోదే అది.

మూడూ ఇరవై. బావమరిది జీపెక్కాడు.

యజమాని షాపు గుమ్మం దగ్గర ఆగాడు. సారీ అనలేదు. “కొత్త సబ్‌వూఫర్లు తెప్పిస్తా. రేపు పోటీ. రాత్రికల్లా బిగించు. గది సంగతి తర్వాత మాట్లాడుకుందాం.”

“గది సంగతి ఇప్పుడే మాట్లాడాలి. ఏడాది ఉండనిస్తానని ఈ మేడమ్ ముందు రాసివ్వండి.”

“బెదిరిస్తున్నావా?”

“నేర్చుకున్నాను సార్. పొద్దున్నించీ మీ దగ్గరే.”

ఎస్సై పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన రాశాడు. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేశాడు. ఫిట్టరమ్మాయి తీరిగ్గా చదువుకుంది. డ్రాయరులోంచి ఎర్ర సీసా తీసింది. సంతకం పక్కన ఒక చుక్క పెట్టింది.

ఆరేదాకా ఊదింది.

“ఇప్పుడు బండి తియ్యండి. షాపుకి అడ్డంగా ఉంది.”