మూత తీసిన గుంత

తెల్లారి లేవగానే పొయ్యి దగ్గరికి పోకుండా అమృతమ్మ పెరట్లోకి వెళ్లింది. రాత్రి వానకు కంచె గుంతల మీది మూతలు జరిగాయేమోనని ఒక్కొక్కదాన్నే కాలితో తట్టి చూసింది. కొన్నింటి మీద పాత షాబాద్ బండలు, కొన్నింటి మీద రేకు ముక్కలు. రేకులు ఎగిరిపోకుండా వాటిపై రాళ్లు. వనపర్తికి దగ్గరలోని ఆ ఊరికి ముసురు పట్టినప్పటి నుంచి కంచె స్తంభాలుగా పాతే రాతి కడీలు తెచ్చే ట్రాక్టరు రావడం లేదు. గుంతలు మాత్రం ముందే తవ్వించి పెట్టారు.

"అండ్ల ఎవరు పడ్తరత్తమ్మా? రోజూ గిదే పనాయె నీకు," అంది కోడలు సుమన, బట్టల బకెట్టు దించుతూ.

"నీళ్లు నిండితే గుంత, నేల ఒక్క తీర్గనే కనిపిస్తయి బిడ్డా. కడీలు పాతేదాక ఈ కావలి తప్పదు."

కంచె కావాలని పట్టుబట్టింది సుమనే. పక్క ఇల్లు ఆమె బావగారిది. తోటికోడలు జానకమ్మ మేకలు వచ్చి బీరపాదులు, వంగమొక్కలు మేసిపోయాయి. మాటామాటా పెరిగి ఇద్దరికీ పలకరింపులు ఆగిపోయాయి.

అత్త లోపలికి వెళ్లింది. బట్టలుతికే రాయి బురదలో కూరుకుపోవడంతో సుమన దగ్గర్లోని గుంత మీది బండను లాగి గోడవారన వేసుకుంది. ఉతకడం అయ్యాక మళ్లీ పెట్టొచ్చనుకుంది. చివరి చీర ఆరేస్తుంటే సెల్‌ఫోన్ మోగింది. నాగర్‌కర్నూల్ నుంచి అక్క. ఇంటి వెనక సరిగ్గా వినబడదని ముందు వాకిట్లోకి పరుగెత్తింది. మాటల్లో పడి బండ సంగతే మరిచిపోయింది.

మధ్యాహ్నం ఆమె రేషన్ షాపుకు వెళ్లినప్పుడు వాన దంచికొట్టింది. తిరిగొచ్చేసరికి పెరట్లోంచి కేక వినబడింది. జానకమ్మ ఒక కాలు మోకాలి వరకు గుంతలో దిగబడి, పక్కకు ఒరిగి పడి ఉంది. ఆమె భుజం మీద సుమన చీరలు. తడిసిపోతున్నాయని పిలిచి, వాన హోరులో ఎవరూ పలకకపోతే తనే తీయడానికి వచ్చింది. పడ్డా వాటిని బురద తాకనివ్వలేదు.

భర్త నరేందర్ వదినెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు. అందరూ ముందు వాకిట్లో ఉండగా సుమన గోడవారనున్న బండను ఈడ్చి, గుంత పక్కన పడేసింది. తానెందుకు ఆ పని చేసిందో తనకే తెలియలేదు.

కాలు విరిగిందని కట్టు వేసి పంపారు. సాయంత్రం నరేందర్ పెరడంతా చూసి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

"రోజూ మూతలు చూసేది నువ్వే గదమ్మా. బండ పక్కనే పడున్నది. తీసి మళ్ల పెట్టలేదా?"

"పొద్దుగాల చూసిన కొడుకా. కప్పే ఉండె."

"కప్పి ఉంటే వదినె ఎట్ల పడ్తది?"

అమృతమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఏమో మరి. తీసిన్నేమో. యాదికొస్తలేదు."

గడపలో నిలబడి సుమన అంతా వింది. నిజం రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వచ్చింది, పోయింది.

ఆ తర్వాత అమృతమ్మ పెరట్లోకి పోవడమే మానేసింది. మూతలన్నీ సుమనే చూసుకునేది. చూసి వచ్చి, నమ్మకం లేక మళ్లీ వెళ్లేది. అత్త మాత్రం ప్రతి చిన్నదానికీ తడుముకుంటోంది. పప్పులో ఉప్పు వేశానా అని అడుగుతుంది. వేసినా మళ్లీ అడుగుతుంది. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా సుమన కంచం పక్కకు జరిపేది.

ఒక ఉదయం నరేందర్ టీ తాగుతుండగా అమృతమ్మ బీరువా తాళాలు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఇగ నన్ను పొయ్యి కాడికి రానియ్యకు బిడ్డా. గ్యాస్ బందు చేయుడు మరిస్తే ఇల్లు కాలుతది. మల్దకల్ ఊర్ల ఉన్న మా అక్కకు గిట్లనే మొదలైంది. ఆఖరికి కన్నపిల్లల్నే గుర్తుపట్టకపాయె."

"పరేషాన్ గాకమ్మా," అన్నాడు నరేందర్. "మహబూబ్‌నగర్ల పెద్ద డాక్టరుకు చూపిస్త."

సుమన తాళాలు పక్కన పెట్టింది. అత్త ముందు నేల మీద కూలబడింది.

"అత్తమ్మా, బండ తీసింది నేను. బట్టలుతుకనీకి తీసి మరిచిన. జానకక్క పడ్డంక నేనే తెచ్చి గుంత పక్కన ఏసిన."

నరేందర్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "ఇన్ని దినాలు నోరు మూసుకొని ఉన్నవా? అమ్మ తనకు మతి పోయిందనుకుంటుంటే చూసుకుంట కూసున్నవా?"

"నువ్వు జర ఆగు," అంది అమృతమ్మ. కోడలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "నిజం చెప్పు. ఆ పొద్దు నేను కప్పిన్నా?"

"కప్పినవత్తమ్మా. అన్నీ కప్పినవ్. నీ యాదిల తప్పు లేదు."

అమృతమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అది కోపం కాదని, ఊరట అని అర్థమయ్యాక సుమనకు తన తప్పు ఎంతటిదో తెలిసింది. విరిగింది జానకమ్మ కాలు ఒక్కటే కాదు.

"నన్ను తిట్టత్తమ్మా."

"తిడ్త. ముందుగాల జర ఏడ్వనీ."

కాసేపటికి అత్తాకోడళ్లు పక్కింటికి వెళ్లారు. మంచం మీద కాలు చాపుకుని ఉన్న జానకమ్మకు సుమన ఏదీ దాచకుండా చెప్పింది. జానకమ్మ కట్టు కాలిని కొంచెం జరుపుకుంది.

"అత్తమ్మ మరిచిందంటే నాకు నమ్మబుద్ధి గాలె," అంది. "కాలు నొస్తనే ఉన్నది సుమనా. కోపం గూడ ఉన్నది. లేదంటే అబద్ధమైతది."

"ఉండనీ అక్కా. నువ్వు లేచేదాక నీ పల్లిచేన్ల కలుపు నేను తీస్త."

"టౌన్ల పెరిగినదానివి. కలుపేదో పల్లి మొక్కేదో నీకేమెరుక? ఉన్న పంట పీకి పెడ్తవు." జానకమ్మ పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది.

"నేను వెంట పోత," అంది అమృతమ్మ, నడుం నిటారు చేసుకుంటూ. "ఏ సాలుల ఏమున్నదో నాకన్నీ యాదికున్నయి."

సుమన అక్కడే, ఇద్దరి ముందూ, తలవంచుకుని ఏడ్చింది. జానకమ్మ చెయ్యి చాచి ఆమెను మంచం అంచు మీద కూర్చోబెట్టుకుంది.