వైసీరా అఖాతంలో పడవలు లేవు

"దొంగెవరో పట్టుకో, ఒబెట్. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి మంత్రిగారి సంతకం. ఆలోపే."

బాస్ ఫైలు ముందుకు తోశాడు. సముద్రాన్ని నమ్ముకుని దేశం ఎలా బతకాలో, ఏ తీరంలో రేవు కట్టాలో, ఎక్కడ చేపలు పట్టాలో, ఎక్కడ ఇసుక తవ్వాలో తేల్చే జాతీయ ప్రణాళిక అది. అందులో వైసీరా అఖాతం 'వాడకంలో లేదు' అని రాసి ఉంది. అందుకని ముప్పై ఏళ్ళ ఇసుక తవ్వకానికి ఒక కంపెనీకి ఇచ్చేస్తున్నారు. ఆ కంపెనీ వెనక ఉన్నది పరదేశీ ముఠా.

"ఆ తప్పుడు మాట ఎవడో డబ్బు తిని ఎక్కించాడు. ముఠాలో మన మనిషి ఉంది. వెళ్ళి కలుసుకో."

ఏజెంట్ పదిహేడు, ఒబెట్ రిసకోట్టా, తలూపాడు. వైసీరా తన సొంతూరని మాత్రం చెప్పలేదు. గూఢచారికి సొంతూరు ఉండకూడదని అతని నమ్మకం.

గురువారం ఉదయం తొమ్మిదింటికి లవంగాల వ్యాపారి వేషంలో వైసీరా రేవులో దిగాడు. పెట్టుడు మీసం, నల్లకళ్ళద్దాలు, జేబులో కెమెరా పెన్ను. గోదాంలో బస్తాల మధ్య, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఒకామె నిలబడి ఉంది.

"ఉప్పుందా?"

"ఉప్పు లేదు. జాజికాయుంది."

కోడ్ సరిపోయింది. ఆమె వేరో సాహెటాపి. ముఠా నాయకుడి పక్కన కూర్చుని భోంచేస్తుంది, అక్కడ విన్నదంతా ఒబెట్ ఆఫీసుకి చేరవేస్తుంది.

"ఎవర్ని కొన్నారు?"

"ఎవర్నీ కొనలేదు. నా సర్వీసులో ఇదే మొదటిసారి. మీ ఆఫీసు రిపోర్టే చదువుకున్నారు."

ఆమె ఫోన్ చూపించింది. 'రెండు రోజులు పరిశీలించాను. వైసీరా అఖాతంలో పడవలు లేవు. వలలు లేవు. వాడకంలో లేదు.' కింద సంతకం: పదిహేడు.

ఒబెట్ మీసం ఒక పక్క ఊడింది. సర్దుకోలేదు.

రెండేళ్ళ కిందట ఆఫీసు పంపితే, ఒడ్డుకి దిగకుండా స్పీడ్‌బోటులోంచే బైనాక్యులర్స్‌తో చూశాడు. ఆ కాగితమే ప్రణాళికలోకి ఎక్కుతుందని అనుకోలేదు. నీటి అంచున లేత కొబ్బరాకులు కట్టిన గుంజ కనిపించింది. అదేమిటో వైసీరాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. సాసి. చేప ఎదిగేదాకా ఊరు అఖాతాన్ని మూసేస్తుంది. తెరిచే రోజు వరకూ వల కాదు కదా, గాలం కూడా పడదు. తెలిసీ ఆ ముక్క రాయలేదు. కొబ్బరాకుల సంగతి రాస్తే జకార్తాలో ఆఫీసువాళ్ళు నవ్వుతారని సిగ్గుపడ్డాడు. అప్పుడు సిగ్గుపడినందుకు ఇప్పుడు తల ఎత్తలేకపోతున్నాడు.

బాస్‌కి ఫోన్ చేశాడు. "దొంగ దొరికాడు సార్. నేనే."

బాస్ గొంతు తగ్గించాడు. "మన రిపోర్టు తప్పని తేలితే ఆఫీసు పరువేం కావాలి? ఇంకో దొంగని వెతుకు." లైన్ కట్ అయింది.

"సంతకాల హాల్లో తెర పెట్టింది మా కంపెనీయే," అంది వేరో. "నీ పెన్ను చూసింది మంత్రిగారు చూసేలా చేస్తాను. కానీ చూపించడానికేముంది? ఈ ఏడూ సాసి ఉంది. అఖాతం ఇవాళా ఖాళీయే."

ఒబెట్ నేరుగా డోర్చే అత్త ఇంటికి నడిచాడు. సాసికి కాపలా పెద్ద ఆవిడే. గుమ్మంలో సాగో పిండి జల్లిస్తోంది.

"అత్తా, సాసి తప్పాను."

"ఎంత చేప పట్టావు?"

"అఖాతం మొత్తం. పెన్నుతో."

ఆవిడ జల్లెడ ఆపలేదు. "తప్పినోడు ఏం చెయ్యాలో మర్చిపోయావా, జకార్తా నీళ్ళు తాగి?"

మర్చిపోలేదు. నేరం చేసిన వస్తువు మెడలో వేలాడేసుకుని, పేరు చెప్పుకుని, చేసింది అరుస్తూ ఊరంతా తిరగాలి. ఒబెట్ పద్దెనిమిదేళ్ళుగా ఆఫీసు బయట అసలు పేరు ఎవరికీ చెప్పలేదు.

పదకొండున్నరకి మీసం పీకేసి, కెమెరా పెన్ను మెడలో కట్టుకున్నాడు.

"నేను ఒబెట్ రిసకోట్టాని. యొహానా కొడుకుని. మీ అఖాతంలో ఎవరూ లేరని రాశాను."

మొదటి ఇంటి ముందు గొణిగినట్టే చెప్పాడు. "గట్టిగా చెప్పరా, మా ఆయనకి చెముడు," అంది లోపల్నించి ఒక ముసలామె. గట్టిగా అరిచాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఒడ్డుకి చేరేసరికి వెనక మూడొందల మంది ఉన్నారు. అందరూ కొబ్బరాకుల గుంజ దగ్గర ఆగిపోయారు. ఒక్క కాలు కూడా నీటిలో పడలేదు. ఒడ్డున బోర్లించిన పడవలు వరసగా ఉన్నాయి.

డోర్చే అత్త పెన్నుకేసి వంగింది. "మేం నీళ్ళలో లేకపోవడమే మేమున్నామనడానికి గుర్తు. పిల్లచేప ఎదగాలని నోరు కట్టుకుని కూర్చున్నాం. ఖాళీ అంటారా దీన్ని?"

పన్నెండుకి నిమిషం తక్కువ. వేరో ఫోన్ చేసింది.

"మంత్రిగారు సంతకం చెయ్యకుండానే పెన్ను కింద పెట్టేశారు. ప్రణాళికలోంచి ఆ పేజీ తీసెయ్యమన్నారు. తెర మార్చింది నేనేనని తెలిసి మా నాయకుడు నాకోసం వెతుకుతున్నాడు. అక్కడ భోజనం దొరుకుతుందా?"

ఒబెట్‌కి గెలిచినట్టు అనిపించలేదు. తలొంచుకుని నిలబడ్డాడు. అత్త దగ్గరికొచ్చింది.

"ఆ మీసం ఎందుకురా? రేవులో దిగగానే గుర్తుపట్టాం. రెండేళ్ళ కిందటా గుర్తుపట్టాం. బోటులో ఉన్నది యొహానా కొడుకని ఊరంతా చూసింది. ఆ రెండ్రోజులూ నీకోసం సాగో పిండితో పపెడా జావ కలిపి పెట్టాను. వస్తావేమో అని."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి ఏజెంట్ పదిహేడు ఆఖరి రిపోర్టు చేరింది: 'దొంగ దొరికాడు. ప్రస్తుతం భోంచేస్తున్నాడు.'