జానకి ఎడమచెయ్యి

విజయనగరం సంగీత కళాశాల వరండా ఆ మధ్యాహ్నం ప్రవేశ పరీక్షకి వచ్చిన పిల్లలతో కిక్కిరిసిపోయింది. సీట్లు తక్కువ, వచ్చినవాళ్లు చాలామంది. జానకి మృదంగాన్ని ఒళ్లో పెట్టుకుని ఎడమవైపు తడిపిన రవ్వ ముద్ద అద్దుతోంది. ఆ ముద్ద ఉంటేనే ఆ వైపు శబ్దం బరువుగా మోగుతుంది.

కంచిలిలో జానకి ఎడమచేతికి పెద్ద పేరు. భజనలో ఆమె ఒక్క దెబ్బ వేస్తే కొబ్బరితోటల అవతలికి వినిపిస్తుందనేవారు. నేర్పింది వాళ్ల నాన్న గోపాలరావు. ఆడపిల్లకి మృదంగం ఏమిటని బంధువులు నవ్వినా, ఆయన పొద్దున్నే రైలెక్కించి పరీక్షకి తీసుకొచ్చాడు.

లోపలికి పిలిచారు. పరీక్ష చేసే మాస్టారు ఇంకో పిల్లను చూపించి, ఆమె పాడుతుంటే వాయించమన్నారు. ఆ పిల్ల టెక్కలి నుంచి పాట పరీక్షకు వచ్చింది. పేరు సీతారత్నం. తీయని గొంతే గాని, చాలా చిన్నది.

జానకి మొదటి దెబ్బకే గది దద్దరిల్లింది. మాస్టారు తలెత్తి చూశారు. మెచ్చుకుంటున్నారనుకుని జానకి ఇంకా జోరు పెంచింది. సీతారత్నం తాళం తప్పింది. అందుకోబోయి పాటలో మాట మరిచిపోయింది. ఆపేసి తల దించుకుంది.

మాస్టారు ఇద్దరినీ బయట కూర్చోమన్నారు.

తన వాయింపు ఇక్కడి దాకా వినిపించిందా అని జానకి సంబరంగా నాన్నని అడిగింది.

"నీ దెబ్బలు ఇనిపించాయి," అన్నాడు గోపాలరావు. "ఆ గుంట ఏటి పాడిందో నాకు తెలీలేదు. నీకు తెలిసిందేటి?"

జానకి ఆలోచించింది. ఒక్క మాటా గుర్తుకు రాలేదు. వరండా చివర సీతారత్నం గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. వాళ్లమ్మ వీపు నిమురుతోంది.

జానకి లేచి వెళ్లి మాస్టారి గది గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, సీతారత్నం తప్పు కాదండి. నాను పాట ఇనకుండా వాయించీసినాను. నాకు సీటు ఇవ్వకపోయినా పర్లేదు. ఆ పిల్లని ఇంకోపాలి పాడనివ్వండి."

మాస్టారు సీతారత్నాన్ని పిలిపించారు. వాయించేది మాత్రం నువ్వేనని జానకితో చెప్పారు.

ఈసారి జానకి తన చేతుల వంక చూడలేదు. సీతారత్నం ముఖమే చూసింది. గొంతు సన్నబడినచోట అరచెయ్యి ఊరికే అలా ఆనించింది. ఊపిరి తీసుకునేచోట ఎడమవైపు ఒక్క శబ్దం మెల్లగా మోగించింది. సీతారత్నం భయం తగ్గింది. పాట చివరిదాకా తడబడకుండా పాడింది.

సాయంత్రం పేర్లు చదివారు. సీతారత్నం పేరు వినగానే జానకికి గుండె తేలికైంది. కాసేపటికి తన పేరూ వినిపించింది. నమ్మలేక నాన్న వైపు చూసింది. ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

వాళ్లు నలుగురూ ఒకే రైలెక్కాలి. స్టేషన్‌లో బెంచీ మీద సీతారత్నం కూనిరాగం తీసింది. జానకి మృదంగం మీద వేళ్లు ఆనించింది. పక్కన కూర్చున్నవాళ్లు పాట వింటూ తల ఊపారు. మృదంగం వాయిస్తున్న పిల్లని వాళ్లు చాలాసేపు గమనించనే లేదు.