మోటారు వేశారా అండీ?

ఇలా దగ్గరికి రా పింకీ, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చో. మన గోడకి అవతలున్న శాలిని టీచరు సంగతి చెబుతాను. మొదటినుంచీ చూసినదాన్ని నేనొక్కదాన్నే.

వాళ్ళ నాన్న బెంజమిన్ మాస్టారు పోయాక ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే. గణపవరం బడికి వెళ్ళడం, రావడం, అరగ్లాసు బియ్యం వండుకోవడం. ఆదివారం చర్చి నుంచి వచ్చిందంటే మళ్ళీ సోమవారం దాకా ఆ ఇంట్లో మాట వినపడేది కాదు. దానికితోడు గోడలకి నడుమెత్తు చెమ్మ.

అప్పుడొచ్చాడు ఎడ్విన్, తాడేపల్లిగూడెం నుంచి. పునాదుల చుట్టూ నీళ్ళు పోయే పైపులు వేయడం అతని పని. బండి దిగుతూనే నోరు జారాడు.

"ఇదేంటండీ, ఇల్లు గోతిలో కట్టారు?"

"ఇల్లు మెరకమీదే కట్టారండీ. పెరడే పైకి లేచింది."

నిజమే. కొల్లేరు పొంగుతుందన్న భయంతో మా ఊళ్ళో ఏటా ఎండాకాలం చెరువుమట్టి తోలించి పెరడు మెరక చేస్తారు. మాస్టారు ముప్పయ్యేళ్ళు తోలించారు. చివరికి పెరడు ఇంటి గచ్చు కన్నా ఎత్తయింది. పడిన వానంతా గోడలోకే. ఆ సంగతే శాలిని అతనికి చెప్పింది.

"అంటే మీ నాన్నగారు నీళ్ళని ఆపబోయి ఇంట్లోకి పిలిచారన్నమాట!"

"పోయినవాళ్ళని అనకండి," అంది శాలిని.

అతను తల దించుకున్నాడు. "తప్పేనండీ. క్షమించండి."

ఇంటి చుట్టూ పునాది అడుగుదాకా కందకం తవ్వించాడు. గోడ ఆరబెట్టి నల్లరంగు పూయించాడు. బెజ్జాల పైపుకి గుడ్డ చుట్టి, కిందా పైనా కంకర పోయాలి. పైపు వాలు తేడా వస్తే అంతా దండగ. కూలీలు భోజనానికి వెళ్ళినప్పుడు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస గోడమీద గీసిన గీత దగ్గర పట్టుకోమని శాలినికిచ్చాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి, దాన్నిబట్టి వాలు చూస్తారు. రెండో కొస పట్టుకుని అతను ఇంటి మూల తిరిగిపోయాడు.

"నీళ్ళెక్కడున్నాయండీ?" అని అరిచాడు.

"గీతకి పైన!"

"ఎంత పైన?"

"రెండు వేళ్ళు!"

"మీ వేళ్ళా, నా వేళ్ళా అండీ?"

శాలిని నవ్వింది. మాస్టారు పోయాక ఆ పెరట్లో నవ్వు వినడం అదే మొదలు.

చుట్టూ చేపల చెరువులాయె, నీళ్ళు వాటంతటవి జారిపోవడానికి పల్లమేదీ? అందుకని పెరటి మూల గుంత కట్టి మోటారు పెట్టాడు. వాన పడ్డప్పుడల్లా మోటారు వేసి నీళ్ళు వీధి కాలువలోకి తోడాలి. అలా చెప్పి వెళ్ళిపోయాడు.

మొదటి వానకే ఫోన్ మోగింది.

"మోటారు వేశారా అండీ?"

"వేశానండీ."

అంతే మాట. కానీ ఆ తర్వాత మబ్బు పట్టిందంటే చాలు, శాలిని తల దువ్వుకుని వరండాలో కూర్చునేది. ఫోన్‌కి తల దువ్వుకోవడమేంటే పిచ్చిపిల్లా అని నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఆ రెండు మాటలే ఆ పిల్లకి వారమంతా సరిపోయేవి.

వానాకాలం సగంలో అతనొచ్చి, నీటిమీద తేలే స్విచ్చొకటి గుంతలో బిగించాడు.

"ఇక నీళ్ళు లేస్తే మోటారు దానంతటదే ఆడుతుందండీ. నా ఫోన్ గొడవ మీకుండదు."

"మంచిదండీ," అంది శాలిని. మొహంలో నెత్తురుచుక్క లేదు.

తర్వాత మూడ్రోజులు ముసురు. మోటారు దానంతటదే ఆడింది, దానంతటదే ఆగింది. ఫోన్ మోగలేదు. నేను వేడివేడిగా ఉప్మా పట్టుకెళ్ళాను.

"గోడలు ఆరాయిగా అమ్మా, అలా ఉన్నావేం?"

"ఆరాయండీ మామ్మగారూ," అని కళ్ళు తుడుచుకుంది.

నాలుగోరోజు పొద్దున్నే తనే ఫోన్ చేసింది. వానలో తడుస్తూ గూడెం నుంచి ఊడిపడ్డాడు.

"స్విచ్చు పనిచేయట్లేదా అండీ?"

"బ్రహ్మాండంగా చేస్తోంది. తీసేయండి."

"అదేంటండీ?"

"మిమ్మల్ని ఎవరు పెట్టమన్నారు?"

అతను తెల్లబోయాడు. "పోయినసారి ఫోన్ టక్కున పెట్టేశారు కదండీ, విసిగిస్తున్నాననుకున్నాను."

"క్లాసులో ఉన్నానండీ! పిల్లలందరూ 'టీచర్, మోటారు' అని ఒకటే నవ్వు." మళ్ళీ తనే అడిగింది. "పని చేసిన ఇళ్ళన్నిటికీ ఇలాగే ఫోన్ చేస్తారా?"

"నలభై ఇళ్ళు చేశానండీ. ఫోన్ ఒక్క ఇంటికే." గొంతు తగ్గించాడు. "గూడెంలో నాకూ ఎవరూ లేరు. సాయంత్రం బస్టాండుకెళ్ళి, గణపవరం బస్సు దిగినవాళ్ళని అడిగేవాణ్ణి, అటు వానుందా అండీ అని."



"మరి ఎండాకాలం ఏం చేద్దామనుకున్నారు?"

"అదేనండీ నా భయం."

"ఆ భయమేదో మామ్మగారితో చెప్పండి. నాకు పెద్దదిక్కు ఆవిడే."

తడిబట్టలతోనే మన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేనింకేం మాట్లాడతాను, తువ్వాలు చేతికిచ్చి, "తల తుడుచుకో అల్లుడూ," అన్నాను.

ఇప్పుడా ఇంట్లో పొద్దస్తమానం ఇద్దరి మాటలు. ఇవతల నాకవి వినపడుతుంటే, మీ తాతయ్య పోయాక నాకు మరీ పెద్దదైపోయిన ఈ ఇల్లు కాస్త చిన్నదైనట్టుంటుంది.

గుర్తుపెట్టుకో పింకీ. రేపు కాలేజీలో నీ స్నేహితురాళ్ళకి చెప్పు, నేను చెప్పినట్టే చెప్పు. గోడ పక్కన నిలబడి అంతా విన్నానన్న ముక్క మాత్రం వదిలెయ్యి.