వాన రోజుల బస్సు

వాన పట్టుకుని ఆ ఉదయానికి తొమ్మిదో రోజు. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కుర్చీల మీద ఆరేసిన మేజోళ్ళు మూడు రోజులైనా ఆరలేదు. ఇల్లంతా చలికి ముడుచుకుని కూర్చుంది, ఒక్క మనిషి తప్ప. రెండున్నరేళ్ళ ఆ మనిషికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, నడక వచ్చిన వారానికే అందరూ పిడుగు అనడం మొదలుపెట్టారు. బయట వాన, ఇంట్లో పిడుగు, మధ్యలో తాతయ్య.

ఎండ రోజుల్లో ఆయన పని సులువు. పాలు తాగించి పార్కులో వదిలితే జారుడుబల్లా, ఇసుకా, పావురాలూ కలిసి ఆ పిల్లను మధ్యాహ్నం దాకా చూసుకునేవి. ఆయన బెంచీ మీద కూర్చుని అజమాయిషీ చేసేవాడు. వాన మొదలయ్యాక వాటన్నిటి పనీ ఆయన నెత్తినే పడింది. మొదటి రోజు గిన్నెలూ గరిటెలూ ఇస్తే రెండు గంటలు వాయించింది. రెండో రోజు దుప్పటితో డేరా వేశాడు. మరునాడు దిండ్లతో కొండ కట్టి ఎక్కించాడు, దూకించాడు. ఆ తర్వాత టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి ప్లాస్టిక్ గ్లాసులు కడగమన్నాడు. గ్లాసులతో పాటు నేల, గోడ, ఆయన స్వెట్టరు కూడా శుభ్రపడ్డాయి. మరో రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని కింద వీధిలో పోయే గొడుగులు లెక్కపెట్టారు. పిడుగుకు రెండు వరకే వచ్చు కాబట్టి ప్రతి గొడుగూ అయితే ఒకటి, లేకపోతే రెండు. ఆ తర్వాత ఇద్దరికీ విసుగొచ్చింది. పిడుగు ఇల్లు పీకి పందిరి వేస్తుంటే తాతయ్య మోకాలు పట్టుకుని వెనకాల తిరగడమే మిగిలింది.

ఎనిమిదో రోజు సాయంత్రం కళ్ళద్దాల కోసం వెతుకుతుంటే ఫ్రిజ్ మీద ఒక కాగితం కనిపించింది. పక్క వీధిలో ఉన్న క్రెష్‌లో పిల్లను చేర్చడానికి దరఖాస్తు. పిల్ల పేరు, పుట్టిన తేదీ కోడలి చేతిరాతలో ఉన్నాయి. తాతయ్య రెండుసార్లు చదివి, ఎలా ఉన్నదో అలాగే పెట్టేశాడు. ఏమీ అడగలేదు.

అడగకపోయినా గుండెలో రాయి పడింది. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసిన మనిషి ఆయన. రిటైరైన ఏడాదే భార్య పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు పొద్దున లేచి ఏం చేయాలో తెలిసేది కాదు. కొడుకు దూరపు లారీలు తోలుతాడు, వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. కోడలు కోట్లు కుట్టే కార్ఖానాలో మళ్ళీ పనికి వెళ్ళిన రోజున ఆర్నెల్ల పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది. అప్పటి నుంచి ఆయనకు మళ్ళీ పొద్దున అన్నది, సాయంత్రం అన్నది వచ్చాయి. ఇప్పుడు ఇంకోసారి రిటైర్ చేస్తున్నారన్నమాట. వానాకాలంలో పిల్లను ఆడించడం చేతకాని ముసలాడని తేలిపోయిందన్నమాట. సరే, చేతవుతుందో కాదో రేపు చూపిస్తాను అనుకుని పడుకున్నాడు.

ఆ రేపే ఈ తొమ్మిదో రోజు. పొద్దున్నే మేజోళ్ళు తీసేసి కుర్చీలన్నీ హాల్లో రెండు వరసలుగా వేశాడు. ఎలుగుబంటి బొమ్మను ఒక సీట్లో, తన బూటును ఇంకో సీట్లో, మూసిన గొడుగును వెనక సీట్లో కూర్చోబెట్టాడు. పిడుగు మెడలో గుడ్డసంచి తగిలించి, గుర్తుగా దాచుకున్న పాత టికెట్ పంచ్ ఆ చిన్న చేతుల్లో పెట్టాడు. రెండు చేతులతో గట్టిగా నొక్కితే టక్‌మని కాగితానికి చిల్లు పడింది. పిడుగు నోరు తెరిచి ఆ చిల్లులోంచి తాతయ్యను చూసింది. ఆ తర్వాత చాలాసేపు ఆ ఇంట్లో ఏడుపన్నది వినబడలేదు.

పిడుగు కండక్టరైతే డ్రైవరెవరు? అక్కడే ముసలాయన పప్పులో కాలేశాడు. ఆయనకు సర్వీసంతా ఒకటే కోరిక, ఒక్కసారి ముందు సీట్లో కూర్చుని బస్సు తోలాలని. స్టీరింగుకు బదులు ఒక పళ్ళెం చేతపట్టుకుని అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవరన్నవాడు రోడ్డు చూడాలి కాబట్టి వెనక్కి చూడలేదు. పళ్ళెం తిప్పాడు, హారన్ కొట్టాడు, అడ్డొచ్చిన సైకిలువాణ్ణి తిట్టాడు. వెనకనుంచి టక్, టక్ అని వినబడుతుంటే పిల్లకు ఎంత పనితనమో అని మురిసిపోయి ఊరంతా ఇంకో చుట్టు తిప్పాడు.

కార్ఖానాలో తను పనిచేసే గదిలోకి నీళ్ళు రావడంతో కోడలు ఈ తొమ్మిది రోజులూ పడగ్గదిలో తలుపేసుకుని పనిచేస్తోంది. కోటు కుట్టాలంటే ముందు చేతులు, కాలరు, వీపు అన్నీ మందపాటి కాగితం మీద కొలతలతో గీసి కత్తిరించాలి. ప్యాటర్న్ అనే ఆ కాగితాల్ని పైన పెట్టే బట్ట కోస్తారు. ఇన్నాళ్ళూ ఇంకొకరి కింద చేసిన మనిషికి మొదటిసారి ఒక పిల్లల కోటు పూర్తిగా తన చేతికిచ్చారు. పదకొండు గంటలకు కార్ఖానా వ్యాను వస్తుందని, పదకొండు ముక్కలూ హాల్లో భోజనాల బల్ల మీద వరసగా పేర్చి ఆమె స్నానానికి వెళ్ళింది.

తాతయ్య ఆఖరి స్టాపులో బస్సాపి వెనక్కి తిరిగేసరికి కండక్టరమ్మ గొడుగు పక్కన కుర్చీ మీద నిలబడి ఉంది. ఎలుగుబంటి టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. బల్ల మీద ఉన్న ప్రయాణికులకు కొడుతోంది.

ఆయన పళ్ళెం వదిలేసి ముక్కలన్నీ తిరగేశాడు. లెక్క చూస్తే నాలుగు ముక్కలకు తొమ్మిది చిల్లులు. కాగితం మీద చిల్లుంటే అక్కడ జేబో గుండీయో రావాలని కటింగ్ మాస్టరుకు గుర్తు అని కోడలు ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఈ లెక్కన కోటుకు భుజం మీద ఒక జేబు, వీపు మీద రెండు వస్తాయి. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆయన ఆ నాలుగు ముక్కల్నీ మధ్యలోకి తోసి, పైన మంచివి పెట్టేశాడు.

కోడలు తడిజుట్టుతోనే గబగబా వచ్చి, ముక్కలన్నీ చుట్టి టేపుతో కట్టింది. ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా పూర్తిచేశానని ఫోన్లో కటింగ్ మాస్టరుకు చెబుతుంటే ఆమె గొంతులో సంతోషం ఆగడం లేదు. తాతయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెబితే పిల్ల క్రెష్‌కు పోతుంది, అది ఖాయం. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చిల్లులు కొట్టిన మనిషికి సాక్ష్యం చెప్పేంత మాటలు కూడా రావు. కాని బట్ట కోసేశాక కార్ఖానాలో నిలబెట్టి అడిగేది కోడలిని. కింద వ్యాను హారన్ మోగింది.

"అమ్మా, ఆ కట్ట విప్పు," అన్నాడు.

"టైమ్ లేదు మామయ్యా. బండి వచ్చేసింది."

"విప్పమ్మా. నాలుగు ముక్కలకు పిడుగు పంచ్ కొట్టేసింది. నేను చూసుకోలేదు. చూశాక కూడా దాచాను."

కోడలు కట్ట విప్పి ఒక్కో ముక్కా వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత, ఇంతసేపు మీరెక్కడున్నారని అడిగింది.

"డ్రైవర్ సీట్లో," అన్నాడాయన, తలదించుకుని.

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవారే. ఆమె మాత్రం ఆ కాగితాల్ని బల్ల మీద విసిరేసింది. రెండు వారాల పనని, ఇది పోతే ఇంకోసారి తన చేతికి ఎవరూ ఇవ్వరని, ఒక్క గంట పిల్లను కనిపెట్టుకోలేరా అని గట్టిగానే అంది. అందుకే మామయ్యా, అందుకే నేను, అని మధ్యలో ఆగిపోయింది.

"అందుకే క్రెష్‌లో వేద్దామనుకున్నావు. కాగితం చూశానమ్మా," అన్నాడు తాతయ్య. "నీ తప్పేం లేదు. నాకే చేతకాలేదు. కాని ఒక్క మాట చెప్పనీ. ఈ పిల్ల లేకపోతే పొద్దున్నే నేను ఎందుకు లేవాలో నాకు తెలీదు."

అప్పటిదాకా పెద్దవాళ్ళ మొహాలు మార్చి మార్చి చూస్తున్న పిడుగు ఏడుపు మొహం పెట్టింది. పంచ్ కింద పడేసి, ఏడుస్తూ, తల్లి పక్కనుంచే పరుగెత్తుకెళ్ళి తాతయ్య మోకాళ్ళలో తల దాచుకుంది.

కోడలు కుర్చీలో కూలబడింది. ఎలుగుబంటి కింద పడ్డా పట్టించుకోలేదు. కోపమంతా ఏమైందో, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"చూశారా మామయ్యా? నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను దాటుకుని మీ దగ్గరికొచ్చింది."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. పసిపిల్ల కదమ్మా, నువ్వు కోప్పడ్డావని భయపడింది అని ఏదో సర్దబోయాడు.

"ఈ రోజు సంగతి కాదు. మధ్యరాత్రి ఉలిక్కిపడి లేస్తే తాతా అంటుంది, నా పక్కలో పడుకుని. ఈ తొమ్మిది రోజులూ తలుపు అవతల మీరిద్దరూ నవ్వుతుంటే నేను ఇవతల గీతలు గీస్తూ కూర్చున్నాను. మీకు చేతకాదని కాదు మామయ్యా, నాకు కుళ్ళు పుట్టింది. క్రెష్‌లో వేస్తే సాయంత్రం నేనే వెళ్ళి తెచ్చుకుంటాను కదా. గేటు దగ్గర నన్ను చూసి అమ్మా అని పరుగెత్తుకొస్తుంది కదా అనుకున్నాను."

తాతయ్య రాత్రంతా తన సీటు పోతుందని దిగులుపడ్డాడే గాని, తలుపు అవతల ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉందని ఆయనకు తోచనే లేదు. తన సంతోషం ఇంకొకరి గుండెలో ముల్లు కావచ్చని ఈ వయసులో తెలిసినందుకు సిగ్గేసింది. పిల్ల వీపు నిమురుతూ, ముందు కటింగ్ మాస్టరుకు ఫోన్ చేయమ్మా అన్నాడు.

మాస్టరు గొణిగి, రెండింటికి మళ్ళీ బండి పంపుతానన్నాడు. కొలతలున్నాయి కాబట్టి ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ గీస్తే చాలు. కోడలు కాగితాలు తీసుకుని పడగ్గదిలోకి పోబోతుంటే తాతయ్య ఆపి, ఈ బల్ల మీదే గీయమన్నాడు. పిల్ల అల్లరి చేస్తుందని ఆమె అంటే, చేయనీ, ఈసారి నేను డ్రైవర్ని కాను అన్నాడు. ఆయన స్కేలు కదలకుండా ఒక చివర నొక్కిపట్టాడు. పిడుగు బల్ల అంచుకు గడ్డం ఆనించి, తల్లి చేతిలో పెన్సిలు వంపు తిరగడం రెప్ప వేయకుండా చూసింది. ఇది చెయ్యి, ఇది మెడ అని తల్లి చెబుతుంటే తన చెయ్యీ తన మెడా తడుముకుంది. రెండుసార్లు పెన్సిలు లాక్కుంది, ఒకసారి రబ్బరు నోట్లో పెట్టుకుంది. అయినా రెండింటికి పది నిమిషాల ముందే నాలుగూ తయారయ్యాయి.

వ్యాను వెళ్ళాక తాతయ్యే ఆ మాట ఎత్తాడు. చెప్పడానికి కష్టంగానే ఉంది గాని చెప్పాడు. పొద్దున పూట క్రెష్‌కు పంపమన్నాడు. తన మోకాలికి కూడా కాస్త విశ్రాంతి కావాలన్నాడు.

"మరి తీసుకురావడం?" అంది కోడలు.

"నువ్వే వెళ్ళు. నేను వంకపెట్టి కూడా రాను."

కార్ఖానాలో అడిగి ఒంటిగంటకు వచ్చేస్తానని, మిగతా గీతలు మధ్యాహ్నం హాల్లోనే తలుపులు తెరుచుకుని గీసుకుంటానని ఆమె అంది. పిల్ల ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ళ దగ్గరికి వెళ్తుందని కూడా అంది, కళ్ళు తుడుచుకుంటూ.

వాన ఇంకా పడుతూనే ఉంది. కండక్టరమ్మ మళ్ళీ టికెట్, టికెట్ అని అరవడం మొదలుపెట్టింది. కోడలు ఎక్కబోతే సీట్లన్నీ నిండిపోయాయి. తాతయ్య లేచి తన సీటిచ్చాడు. పిడుగు తల్లికి టికెట్ కొట్టి, కాసేపు రైట్ రైట్ అంది, ఇంకో రెండు స్టాపులు వెళ్ళాక కళ్ళు నులుముకుంది. ఎవరూ పిలవకుండానే తల్లి ఒళ్ళోకెక్కి, ఇంకా ఆరని ఆమె జుట్టు గుప్పిట పట్టుకుని, భుజం మీద తల వాల్చేసింది.

ఐదు నిమిషాలైనా కోడలు కదలలేదు. కాలు తిమ్మిరెక్కుతున్నట్టు మొహంలో తెలుస్తోంది. ప్రతి మధ్యాహ్నం లాగే పిల్లను మంచం మీద పడుకోబెట్టడానికి తాతయ్య వంగి చేతులు చాచాడు.

"వద్దు మామయ్యా," అంది కోడలు, గాలి కూడా కదలనంత మెల్లిగా. "ఇంకాసేపు ఉండనివ్వండి."

చాచిన చేతుల్ని ఆయన నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. గదిలోకి వెళ్ళి దుప్పటి తెచ్చి ఇద్దరికీ కలిపి కప్పాడు.