తిరగని కుర్చీ

గోడ మీద మేకు ఉంది. దానికి తగిలించిన లైసెన్సు లేదు.

మున్సిపల్ ఇన్‌స్పెక్టర్ స్కూటర్ ఆపేసరికి ఉదయం పది. లైసెన్సు లేకుండా ఇంట్లో వ్యాపారం నడుస్తోందని ఆవిడకు ఫిర్యాదు అందింది. రూలు ఒక్కటే. లైసెన్సు కస్టమర్ కంటికి కనబడేలా తగిలించి ఉండాలి. లేకపోతే గదికి సీల్, సామాను జప్తు.

సామాను అంటే ఒక అద్దం, ఒక సెకండ్ హ్యాండ్ సెలూన్ కుర్చీ. ఇంటావిడ పగలంతా ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది; ఇవాళ ఆమెకి సెలవు. సాయంత్రాలు ఈ గదిలో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరిస్తుంది. వీధివాళ్ళు పెట్టిన పేరు కత్తెరమ్మ. కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న లైసెన్సు అది. ఆ కుర్చీ పోతే ఆమెకి సొంతమని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

"ఆఫీసు కంప్యూటర్లో నా పేరుంది కదా మేడమ్?"

"ఉంది. గోడ మీద లేదు."

"నిన్న సాయంత్రం దాకా అక్కడే ఉంది. అయితే తీసినవాణ్ణి పట్టుకోండి. కుర్చీ మాత్రం ఇవ్వను."

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. ఈ శాఖకి రాకముందు ఆవిడ క్రైమ్ బ్రాంచిలో పనిచేసింది. సీలు బ్యాగులోంచి తీయకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది.

నిన్న సాయంత్రం ఆ గదిలోకి విడివిడిగా ముగ్గురు వచ్చారు. కారుతున్న కుళాయి చూడటానికి ఇంటి ఓనర్. ఇంట్లో దుకాణం పెట్టి పరువు తీస్తోందని ఆర్నెల్లుగా సాధిస్తున్న ఆడపడుచు. ఏ షాంపూ వాడుతున్నావని అడిగే వంకతో ఎదురింటి సెలూన్ ఓనర్. కత్తెరమ్మ వంటింటికీ గదికీ తిరుగుతూనే ఉంది. కాబట్టి ముగ్గురూ కాసేపు ఒంటరిగా ఉన్నవాళ్ళే.

లైసెన్సు అద్దం పైన, చేతికందని ఎత్తులో ఉండేది. మూలన స్టూలుంది. దాని మీద నిన్న మడతపెట్టిన తువ్వాళ్ళు చెక్కుచెదరలేదు. మరి దొంగ ఏమెక్కాడు?

ఇన్‌స్పెక్టర్ కుర్చీ తిప్పబోయింది. తిరగలేదు.

పొద్దుట్నుంచీ అంతేననీ, పాడైనట్టుందనీ కత్తెరమ్మ చెప్పింది. ఇన్‌స్పెక్టర్ వంగి కిందకి చూసింది. ఏదో కదిపింది. కుర్చీ గిర్రున తిరిగింది.

"ఆ ముగ్గురినీ పిలిపించండి."

వచ్చారు. ముగ్గురూ మాకేం తెలీదన్నారు. ఇన్‌స్పెక్టర్ వాదించలేదు. ఒక్కొక్కర్నీ కుర్చీలో కూర్చుని లేవమంది.

ఇంటి ఓనర్ లేచాడు. కుర్చీ తిరిగి ఆయన పడబోయాడు. ఆడపడుచు విసుక్కుంటూ కూర్చుంది, విసుక్కుంటూ లేచింది. ఆమె వెనకాలా కుర్చీ తిరిగింది.

సెలూన్ ఓనర్ లేచాడు. ఇటు తిరిగాడు. కాలి కొనతో కింది పెడల్ పైకి లేపాడు. టక్. కుర్చీ కదల్లేదు.

"ఇప్పుడేం చేశారు?"

అతను తన కాలు తనే చూసుకున్నాడు.

"లాక్ వేశారు," అంది ఇన్‌స్పెక్టర్. "దీనికి లాక్ ఉందని సొంతంగా పని నేర్చుకున్న ఈవిడకే తెలీదు. వీళ్ళిద్దరైతే స్టూలు ఎక్కేవాళ్ళు. మీరు బల్బు మార్చాలన్నా సెలూన్ కుర్చీయే ఎక్కుతారు. నిన్న లాక్ వేసి ఎక్కారు. దిగాక తీయడం మర్చిపోయారు. ఫిర్యాదు కూడా మీదేనా?"

అతని మొహం మాడిపోయింది. ఇంటికో కుర్చీ వేసుకుంటే షాపు నడిపేవాడి గతేమిటని గొణిగాడు.

"మీరు కట్టిన ఫీజే నేనూ కట్టాను," అంది కత్తెరమ్మ. "నేను దొంగచాటుగా చేయట్లేదు. చేసింది మీరు."

అతను వెళ్ళి షాపు సొరుగులోంచి ఫ్రేము తెచ్చిచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అతని మీద కేసు రాసుకుని, లైసెన్సు మళ్ళీ గోడకి తగిలించమంది.

కత్తెరమ్మ గోడ వైపు వెళ్ళలేదు. ఫ్రేము పట్టుకుని వీధి తలుపు దగ్గరికి నడిచింది. తలుపుకి చిల్లు పడుతుందని ఇంటి ఓనర్ అడ్డం రాబోయాడు. ఆడపడుచు ఆయన్ని పక్కకి నెట్టి సుత్తి అందించింది.

"కొట్టు వదినా. పోయిన పరువు ఎలాగూ పోయింది. పనైనా మిగలనీ."

కత్తెరమ్మ మేకు కొట్టింది. సెలూన్‌కి సరిగ్గా ఎదురుగా, అందరి చేతికీ అందే ఎత్తులో ఫ్రేము తగిలించింది. తర్వాత సెలూన్ ఓనర్ వైపు తిరిగింది.

"ఈసారి కుర్చీ ఎక్కక్కర్లేదు. అందరూ చూస్తుండగా తీయండి, చూద్దాం."