వచ్చీసాడు

నేను ప్రోగ్రామింగ్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అరసవల్లిలో మా మేడ మీద కూర్చుని, ఫోన్‌లో వీడియోలు చూసి, ఆపి, మళ్ళీ చూసి నేర్చుకున్నాను. ముందు హెచ్‌టీఎంఎల్, తరవాత జావాస్క్రిప్ట్. ఒకటి చేతికి అలవాటయ్యేలోపు ఇంకేదో కొత్తది వచ్చిందనేవారు. కుదురు లేనిదాన్ని కదా, దాని వెనకా పరిగెత్తేదాన్ని. కోడ్ నన్ను ఎన్నిసార్లు ఏడిపించినా ఒక్క విషయంలో దాన్ని నమ్మేదాన్ని. తప్పు ఎక్కడుందో ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది.

భావనపాడు వెళ్ళొచ్చాక ఆ మాట అనడం మానేశాను.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పడవలవాళ్ళ కోసం చిన్న వెబ్‌సైట్ చేశాను. మగమనిషి చేపల వేటకి బయల్దేరితే ఇంట్లోవాళ్ళు ఒక బటన్ నొక్కాలి, తిరిగొస్తే ఇంకోటి. దీపాలవేళకి రెండోది నొక్కకపోతే ఇంట్లో ఫోన్ గంట కొడుతుంది. ముందుగా వాడి చూస్తానన్నది అసిరమ్మక్క. ఆవిడ మొగుడు లక్ష్ముడికి సొంత పడవుంది. అక్కకి చదువు రాదు కాబట్టి తెర మీద మాటల్ని ఫోనే పైకి చదివేలా పెట్టాను. కోడ్‌లో ఆ ఫోన్‌కి పొట్టిగా ‘అసిరి’ అని పేరు పెట్టుకున్నాను. అది నాకు తప్ప ఎవరికీ కనిపించని పేరు.

మొదటి బటన్ మీద ‘వెళ్ళాడు’ అని రాస్తే అక్క ఒప్పుకోలేదు.

“ఎల్లాడేటే? ఎల్లొస్తాడని రాయి. సంద్రం ఇంటాది.”

వెళ్ళాడంటే సముద్రం వింటుందట. నవ్వుకుంటూనే మార్చాను. రెండోదానికి మాట కూడా ఆవిడే ఇచ్చింది, ‘వచ్చీసాడు’. దాన్ని పొరపాటున రెండుసార్లు నొక్కితే ‘ఇప్పటికే వచ్చీసాడు’ అని చెప్పేలా ఒక షరతు రాశాను.

ఆ రోజు వేటకి వెళ్తూ లక్ష్ముడు నన్ను ఆటపట్టించాడు. తను వచ్చిందీ లేందీ నా లాప్‌టాప్ పెట్టె చెప్పక్కర్లేదట, పెళ్ళాం తిట్లు మొదలైతే ఊరంతటికీ తెలిసిపోతుందట. అక్క చీపురు విసిరింది. బటన్ నొక్కింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. సాయంత్రానికి వాన, గాలి. కరెంటు పోయింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, లక్ష్ముడిది తప్ప. నేను అక్క ఇంట్లోనే ఉండిపోయాను. తడిసిన వలల వాసన. పెంకుల మీద వాన హోరు. నా లాప్‌టాప్ వెలుగు తప్ప వెలుగు లేదు.

గంట మొదలైంది. ఆగదు. ఆగకూడదనే కదా అలా రాసింది. మోగినప్పుడల్లా అక్క ఉలిక్కిపడి గుమ్మం వైపు చూస్తోంది. చూడలేకపోయాను. గంట ఒక్కదాన్నే ఆపే దారి నేను పెట్టలేదు. ఇలాంటప్పుడు మాలాంటివాళ్ళం చేసే బద్ధకపు పనే చేశాను. నడుస్తున్న సైట్‌లోనే చెయ్యి పెట్టి, లక్ష్ముడి పేరు పక్కన ‘వచ్చీసాడు’ విలువని అవును అని మార్చాను. కాసేపే కదా అనుకున్నాను.

గంట ఆగింది. ఫోన్ పైకి చదివింది. “లక్ష్ముడు... వచ్చీసాడు.”

అక్క అప్పటికి లోపలి గదిలో ఉంది. ఆ గదికి వేరే వాకిలి లేదు, కిటికీ లేదు. కంచం చప్పుడు వినిపించింది. అన్నం పెడుతూ అక్కణ్ణించే పిలిచింది.

“కాళ్ళు కడుక్కుని లోపలికి రా.”

పరిగెత్తాను. ఆయన రాలేదని, గంట ఆపడానికి నేనే అలా పెట్టానని చెప్పాను. అక్క కంచం మీద మూత పెట్టి, నా వైపు తిరిగింది.

“రాకుండా వచ్చీసాడని ఎందుకన్నావే?”

నేను జవాబు చెప్పేలోపు... వాకిట్లో చెంబు చప్పుడైంది.

బాల్చీలో చెంబు ముంచిన చప్పుడు. కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. మళ్ళీ ముంచి... మళ్ళీ పోసి... ఎన్ని నీళ్ళు పోసినా కాళ్ళ మురికి వదలనట్టు.

ముందు గదిలోకి వచ్చాం. తలుపు సందులోంచి వాసన. ఉప్పు కాదు. చేపల నీచు కాదు. ఎండ ఎప్పుడూ తగలని బురద వాసన.

“అసిరీ... తలుపు తియ్యి.”

లక్ష్ముడి గొంతే. నేను గడియ మీద చెయ్యి వేశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు,” అంది చెవిలో. “నా మొగుడు నన్ను ‘ఒసే’ అంటాడు. ఈ పేరుతో నన్నెవలూ పిలవరు.”

ఎవరూ పిలవరు. ఆ పేరు ఎక్కడుందో నాకు తెలుసు.

లాప్‌టాప్ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను. అవును చెరిపి, కాదు అని కొట్టాను. సేవ్ చేశాను.

చెంబు చప్పుడు ఆగిపోయింది.

గంట మళ్ళీ మొదలైంది. ఈసారి అది వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం గోడకి ఆనుకుని, ఆ మోతలోనే కూర్చున్నాం. వాన తగ్గింది. గాలి తగ్గింది. అప్పుడు వీధిలోంచి దగ్గు, తెడ్డు నేలకేసిన చప్పుడు.

“ఒసే! సచ్చినావేటే? తలుపు తీసి తువ్వాలియ్యి.”

అక్క తలుపు తీసి లక్ష్ముణ్ణి ఇష్టమొచ్చినట్టు కొట్టింది, తిట్టింది, ఏడ్చింది. ఇంజన్ ఆగిపోతే తెడ్డు వేసుకుంటూ వచ్చాడట. బాల్చీలో చుక్క నీళ్ళు లేవేమని అడుగుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కళ్ళు తుడుచుకుని, ఈసారి నిజంగా బటన్ నొక్కాను.

ఫోన్ పైకి చదివింది. “ఇప్పటికే... వచ్చీసాడు.”

షరతు తప్పు రాశాననుకున్నాను. కోడ్ తెరిచాను. లక్ష్ముడి పేరు పక్కన కాదు అనే ఉంది. మళ్ళీ నొక్కాను.

“ఇప్పటికే... వచ్చీసాడు.”

అక్క ఏడుపు ఆపింది. లక్ష్ముడు గుమ్మంలో, ఒక కాలు బయట, ఒక కాలు లోపల. ముగ్గురం ముందు గది వైపే ఉన్నాం.

లోపలి గదిలో కంచం మీద మూత కదిలింది.

“అసిరీ... ఇంకొంచెం అన్నం ఎయ్యి.”